ఇల్లు కూల్చే ముందు కొమ్మలు కోసుకోనివ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

మా విశాఖపట్నం పెద వాల్తేరులో పాత పెంకుటిళ్ళు, డాబాలు ఒక్కొక్కటిగా డెవలప్‌మెంటుకి వెళ్ళిపోతున్నాయి. మహారాణిపేటలో, సీతమ్మధారలో, లాసన్స్ బే కాలనీలో కూడా అదే వరస. పిల్లలు తలో ఊళ్ళో స్థిరపడ్డారు, ఆస్తి పంచుకోవాలి, పెద్దవాళ్ళకి లిఫ్టు ఉన్న ఇల్లు కావాలి. వీటిలో దేన్నీ నేను తప్పు పట్టను. నేను రాస్తున్నది ఆ ఇళ్ళ ప్రహరీల పక్కన ఉన్న పూలమొక్కల గురించి. చెట్టు కొట్టాలంటే అనుమతి తీసుకోవాలని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం చెబుతుంది. కాబట్టి మామిడిచెట్టో వేపచెట్టో ఉంటే కనీసం ఎవరో ఒకరు ఆ మాట ఎత్తుతారు. మందారం, నందివర్ధనం, నూరువరహాలు, గన్నేరు, మల్లెపొదల ఊసు ఎవరికీ పట్టదు. జేసీబీ లోపలికి వచ్చేందుకు మొదటిరోజు పొద్దున్నే పీకేసేవి అవే.

ఇల్లు కూల్చే ముందు ఒక్క వారం గేటు తెరిచి, కావలసినవాళ్ళని కొమ్మలు కోసుకోనివ్వండి. ఇంటి యజమానులకీ బిల్డర్లకీ నా విన్నపం ఇదే.

నేను స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. వీధిలో అందరూ సిస్టరమ్మ అంటారు. మా మేడ మీద, మెట్ల పక్కన, గోడవార ఉన్న మొక్కలన్నీ దాదాపుగా ఎవరో ఒకరి దగ్గర తెచ్చుకున్న కొమ్మల నుంచి వచ్చినవే.

కొత్త మొక్కలు నర్సరీలో దొరుకుతాయి కదా, పాతవాటి కోసం ఇంత పట్టుదల ఎందుకని అడిగేవాళ్ళున్నారు. వాళ్ళని ఒక ముద్దమందారం విప్పి చూడమంటాను. రేకమందారంలో మధ్య నుంచి పొడుగ్గా ఒక కాడ వచ్చి, దాని చుట్టూ పుప్పొడి మోసే కేసరాలు ఉంటాయి. ముద్దమందారంలో ఆ కేసరాల్లో చాలా భాగం రేకులుగా మారిపోయి ఉంటాయి. పువ్వు అంత నిండుగా ఉండేది అందుకే, గింజ కట్టడం అరుదైందీ అందుకే. ఎప్పుడో ఒక గింజ కట్టినా దానికి తల్లి రంగు వస్తుందని నమ్మకం లేదు. ముద్దనందివర్ధనమూ గింజ కట్టడం అరుదే. మన మల్లె కూడా కొమ్మతోనో అంటుతోనో పెరగాల్సిందే. పూలకొట్లలో ఎక్కువగా కనిపించే ఢిల్లీ కనకాంబరం అసలు గింజ కట్టదు. మన పెరటి మందారం ఇవాళ ఏ అడవిలోనూ తనంతట తాను మొలిచి కనిపించదు. మనుషులు కొమ్మ విరిచి ఒకరికొకరు ఇచ్చుకుంటూ వచ్చారు కాబట్టే ఇన్ని వందల ఏళ్ళు నిలిచింది. ఒక వీధిలో ఒకే ఇంట్లో ఉన్న రంగు, ఆ ఇంటితో పాటు పోయిందంటే ఇక పోయినట్టే. నర్సరీలకి కడియం నుంచి లారీల్లో వచ్చే మొక్కలు బావుంటాయి, నేనూ కొంటాను. కానీ అందరూ అడిగే రంగులే ఎక్కువగా వస్తాయి. ఎవరో అత్తగారు పార్వతీపురం నుంచి తెచ్చి నాటిన మందారం అక్కడ దొరకదు.

మా పక్క వీధిలో అలాంటిదే ఒకటి ఉండేది. లేత నారింజ రంగు ముద్దమందారం, గొంతు దగ్గర మాత్రం చిక్కటి ఎరుపు. ఇంటావిడ పోయాక ఇల్లు బిల్డరు చేతికి వెళ్ళింది. నేను అటు వెళ్ళేసరికి కిటికీలు ఊడదీస్తున్నారు. సూపర్‌వైజరు మంచి కుర్రాడు. "రేపు జేసీబీ వచ్చెత్తాది సిస్టరమ్మా, ఏటి కావాలన్నా ఇయాలే తీసేసుకోండి" అన్నాడు. అయినా ఇంటివాళ్ళని అడగకుండా ముట్టుకోవడం నాకు ఇష్టం లేక, హైదరాబాదులో ఉన్న వాళ్ళబ్బాయికి ఫోన్ చేశాను. "అమ్మ మొక్కలా ఆంటీ? నాకు ఆ సంగతే తట్టలేదు. తీసుకోండి, బతికితే నాకూ ఒకటి ఉంచండి" అన్నాడు. బతికాయి. ఒకటి అతనికి కుండీతో సహా కారులో వెళ్ళింది, మిగతావి వీధిలో నాలుగిళ్ళకి చేరాయి. అదే వీధిలో ఇంకో ఇంటి గరుడవర్ధనం, తెల్ల కాగితంపూల పొద మాత్రం ఎవరికీ తెలియకుండానే శిథిలాల లారీ ఎక్కేశాయి. ఆ ఇంటివాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. అడిగితే ఇచ్చేవాళ్ళే.

దొంగిలించిన కొమ్మే బాగా బతుకుతుందని మనలో ఒక మాట ఉంది. ఆ మాట నాకు నచ్చదు. తెల్లారకుండా గోడల మీది నుంచి చేతులు చాచి కొమ్మలతో సహా విరిచేసుకోవడానికి అదో సాకు అయిపోయింది. అడిగి, పదునైన కత్తెరతో కోసిన కొమ్మ, చీలిపోయేలా లాగిన కొమ్మ కంటే ఎప్పుడైనా మేలుగా వేరు పడుతుంది.

ఇక కొమ్మ తెచ్చుకున్నవాళ్ళు దాన్ని బతికించుకోవాలి కదా. చాలామంది నా దగ్గరికి వచ్చి "నా చెయ్యి మంచిది కాదండీ" అంటారు. చేతిలో ఏమీ లేదు. తెలియవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి, అంతే.

కొమ్మ ఎంపిక దగ్గరే సగం పని అయిపోతుంది. కొసన ఆకుపచ్చగా వేలాడే లేత చిగురు కుళ్ళిపోతుంది. మొదలు దగ్గర బెరడు ముదిరి బూడిదరంగుకి తిరిగినది చాలా ఆలస్యం చేస్తుంది. రెండింటికీ నడుమ, పెన్సిలంత లావున, వంచితే కాస్త వంగి ఆపైన ఫట్‌మని విరిగే కొమ్మ కావాలి. కాగితంపూలకి మాత్రం ఇంకాస్త ముదురుదే మంచిది. పువ్వు, మొగ్గ ఉంటే తుంచెయ్యండి. కొమ్మలో దాచుకున్న ఆహారాన్ని మొగ్గ లాగేసుకుంటుంది. ఆకుల కింద తెల్లగా పిండినల్లి కనిపించిన కొమ్మని ఎంత అందమైన రంగైనా తేవద్దు. అది మీ మొక్కలన్నిటికీ పాకుతుంది.

పొద్దున్నే, ఎండ ఎక్కకముందు కోయాలి. రాత్రంతా నీరు పీల్చుకుని కొమ్మ నిండుగా ఉంటుంది. కత్తెరని స్పిరిట్ దూదితో తుడవండి, ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి వెళ్ళేటప్పుడు మళ్ళీ తుడవండి. ఇది నా ఉద్యోగం నేర్పిన అలవాటే అయినా, తెగుళ్ళు మొక్క నుంచి మొక్కకి పోయే దారుల్లో కత్తెర ఒకటి. ఆరు నుంచి ఎనిమిది అంగుళాల ముక్క, మూడు నాలుగు కణుపులు ఉండాలి. కింది కోత కణుపుకి సరిగ్గా కిందగా, ఏటవాలుగా. పై కోత కణుపుకి కొంచెం పైన, తిన్నగా. ఇలా చేస్తే ఏది తల, ఏది మొదలు అన్న తికమక రాదు. తలకిందులుగా పెడితే కొమ్మ వేరు పట్టదు. దానికో కారణం ఉంది. చిగుళ్ళలో, లేత ఆకుల్లో ఆక్సిన్ అనే హార్మోన్ తయారై కిందికి దిగుతుంటుంది. కొమ్మని కోసేసరికి దారి తెగి, అది కోత దగ్గర పోగవుతుంది. గాయం మీద పక్కు కట్టినట్టు అక్కడ ముందు తెల్లటి పొర కడుతుంది, ఆ దగ్గర్లోనే, ఎక్కువగా కణుపు చుట్టూ, వేళ్ళు పుట్టుకొస్తాయి. ఆక్సిన్‌కి ఈ గుణం ఉందని శాస్త్రవేత్తలు 1930లలో కనిపెట్టారు. విత్తనాల కొట్లలో దొరికే రూటింగ్ పౌడర్‌లో ఉండే ఐబీఏ అనే రసాయనం ఆ కోవకి చెందినదే.

కింది ఆకులన్నీ తీసెయ్యండి. పైన రెండే ఉంచి, పెద్దవైతే సగానికి కత్తిరించండి. వేళ్ళు లేని కొమ్మ నీళ్ళు సరిగ్గా తాగలేదు, ఆకులు మాత్రం ఆవిరి వదులుతూనే ఉంటాయి. అలాగని అన్నీ తీసేస్తే ఆహారం, హార్మోన్ తయారుచేసేవాళ్ళే ఉండరు. నందివర్ధనం, గన్నేరు కోసినప్పుడు పాలు కారతాయి. నీళ్ళతో కడిగి, పాలు ఆగేదాకా ఉంచి నాటండి. దేవగన్నేరు అయితే కొన్ని రోజులు నీడలో పడేసి కోత బాగా ఆరాకే నాటాలి.

మన ఊళ్ళో ఎక్కువమంది తడబడేది ఇసుక దగ్గర. ఇంటికి దగ్గరే కదా అని బీచ్ ఇసుక తెచ్చేస్తారు. అందులో ఉప్పు ఉంటుంది, పైగా తీరం నుంచి ఇసుక తవ్వి తేవడం తప్పు. ఎర్రమట్టి బావుంటుందని భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల నుంచి సంచుల్లో తెచ్చుకునేవాళ్ళనీ చూశాను. వేల ఏళ్ళపాటు ఏర్పడిన దిబ్బలవి, కుండీల కోసం తవ్వుకునేవి కావు. ఎక్కడో ఒక చోట ఇల్లు కడుతూనే ఉంటారు. మేస్త్రీని అడిగితే రెండు తట్టలు నది ఇసుక ఇస్తాడు. రాయిని పొడి చేసి తయారుచేసే రోబో ఇసుక మాత్రం వద్దు, దానిలోని పొడి గట్టిపడి గాలి ఆడనివ్వదు. కడిగిన నది ఇసుక సగం, కొబ్బరి పొట్టు సగం కలిపి, పిడికిట పట్టి నొక్కితే నీళ్ళు కారకుండా ముద్ద కట్టేంత తడి ఉంటే సరిపోతుంది. ఈ దశలో గత్తం (మాగిన పేడ ఎరువు) వద్దు, వేరే ఎరువులూ వద్దు. వేరే లేని కొమ్మ ఎరువు తినలేదు, కుళ్ళు మాత్రం పట్టుకుంటుంది.

పుల్లతో ముందు రంధ్రం చేసి, ఒకటి రెండు కణుపులు లోపలికి పోయేలా నాటి, చుట్టూ ఇసుక నొక్కండి. మందారానికి, నందివర్ధనానికి పౌడరు లేకపోయినా పర్లేదు. కాగితంపూలకి, నూరువరహాలకి ఉంటే తేడా కనిపిస్తుంది. తేనె, దాల్చినచెక్క, కొబ్బరినీళ్ళు రాయమని ఫోన్లలో తిరిగే వీడియోలు చూసి చాలామంది అడుగుతారు. తేనెలో వేరు పుట్టించే హార్మోన్ ఏమీ లేదు. కొబ్బరినీళ్ళలో ఉండే సైటోకైనిన్లు అనే హార్మోన్లు చిగుళ్ళని ప్రోత్సహించేవి, మనకి ఇక్కడ కావలసింది వేళ్ళు. ఆ కొబ్బరినీళ్ళు తాగెయ్యండి.

వెలుతురు బాగా ఉండి ఎండ పడని చోట పెట్టి, అడుగు కోసేసిన నీళ్ళ బాటిల్‌ని పైన బోర్లించండి. రోజుకోసారి కాసేపు మూత తీసి గాలి ఆడనివ్వండి. వానల్లో మన ఊరి గాలికి అసలే చెమ్మ ఎక్కువ కాబట్టి అప్పుడు బాటిల్ కూడా అక్కర్లేదు. ఆరుద్ర కార్తె నుంచి ఆశ్లేష దాకా, అంటే జూన్ చివరి నుంచి ఆగస్టు మధ్య వరకు, కొమ్మలు నాటడానికి దొరికే మంచి కాలం. అప్పుడు నాటితే అక్టోబరులో తుపాన్ల రోజులు వచ్చేసరికి మొక్క కుండీలో నిలదొక్కుకుంటుంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. చిగురు వచ్చిందంటే వేరు వచ్చిందని కాదు. కొమ్మలో దాచుకున్న ఆహారంతోనే చిగురు తొడగగలదు. కాగితంపూలు మరీ ఎక్కువగా ఇలా ఆశపెట్టి, చిగురు విప్పాక హఠాత్తుగా వాడిపోతాయి. పచ్చగా కనిపించగానే పీకి వేరే కుండీలో పెట్టేవాళ్ళు అక్కడే నష్టపోతారు. పారదర్శకమైన గ్లాసుల అడుగున చిల్లులు పెట్టి అందులో నాటితే, వేరు గోడ వెంట తెల్లగా పాకడం కళ్ళతో చూడొచ్చు. మందారానికి, నందివర్ధనానికి నాలుగు నుంచి ఆరు వారాలు, నూరువరహాలకి, కాగితంపూలకి రెండు నెలల దాకా పడుతుంది. వేళ్ళు కనిపించాక గత్తం కలిపిన మట్టిలోకి మార్చి, ఎండకి మెల్లమెల్లగా అలవాటు చెయ్యాలి.

గన్నేరు నీళ్ళ సీసాలో కూడా వేరు పోస్తుంది. కానీ వానాకాలంలో ఇంటినిండా నీళ్ళ సీసాలు పెట్టుకోవద్దని నర్సుగా చెబుతున్నాను. డెంగీ దోమ గుడ్డు నుంచి దోమై ఎగరడానికి పది రోజులు కూడా పట్టదు. నీళ్ళలోనే పెట్టదలిస్తే రెండు రోజులకోసారి నీళ్ళు మార్చి సీసా లోపలి గోడలు రుద్ది కడగండి. గన్నేరు మొక్కలో ప్రతి భాగమూ విషమే. చిన్నపిల్లలు, మేకలు, ఆవులు అందుకోలేని చోటే నాటండి, కోసిన పుల్లలు పొయ్యిలో పెట్టవద్దు.

ఇంటివాళ్ళు వానాకాలం చూసి ఇల్లు కూల్చరు, మంచి ముహూర్తం చూసి కూలుస్తారు. అది ఏప్రిల్లోనో మేలోనో పడితే కొమ్మలు బతకడం కష్టమే. తడి గుడ్డలో చుట్టి వెంటనే తెచ్చి, నీడలో ప్లాస్టిక్ కవరు గుడారం కింద పెడితే కొన్ని నిలుస్తాయి. నెలన్నర ముందు తెలిస్తే అంతకంటే మంచి దారి గాలి అంటు. కొమ్మ మీద అంగుళం మేర బెరడు చుట్టూ ఒలిచి, తడిపి పిండిన నాచు గానీ కొబ్బరి పొట్టు గానీ కట్టి, పైన పాలిథీన్ బిగించి చుట్టాలి. తల్లిమొక్క నీళ్ళిస్తూనే ఉంటుంది కాబట్టి ఎండలో కూడా వేరు పడుతుంది. వేరు నిండాక దాని కింద కోసి తెచ్చుకోవడమే. మందారానికి ఇది చాలా బాగా పనిచేస్తుంది. అందుకే ముందుగా చెప్పమని ఇంతగా అడుగుతున్నాను. జేసీబీ వచ్చే ముందురోజు చెబితే అందేవి కొమ్మలే, నెలన్నర ముందు చెబితే వేళ్ళున్న మొక్కలే చేతికొస్తాయి.

అన్నీ కొమ్మతో వచ్చేవి కావు. సింహాచలం సంపెంగ కావాలని చాలామంది కొమ్మలు తెచ్చి నిరాశపడతారు. దానికి గింజో, అంటుమొక్కో దారి. కొన్నిటిని పెంచకపోవడమే మంచిది. రంగురంగుల పూలని మురిసిపోయి లాంటానా కొమ్మలు పంచుకోవద్దు. అది మన కొండల మీద ఇప్పటికే అడవిమొక్కల చోటు ఆక్రమిస్తోంది.

బిల్డర్లకి ఒక మాట. కొత్త అపార్టుమెంటు ముందు ఎరికా పామ్‌లు, పసుపుపచ్చ డ్యురాంటా వరసలు వేస్తారు. చూడ్డానికి నీటుగా ఉంటాయి, కాదనను. కానీ దేవుడి దగ్గర పెట్టడానికి అక్కడ ఒక్క పువ్వు దొరకదు. రేకమందారం ఉంటే తేనెపిట్ట వస్తుంది, నూరువరహాలుంటే సీతాకోకచిలుకలు వస్తాయి. గన్నేరు, కాగితంపూలు మన సముద్రపు ఉప్పుగాలికి తట్టుకుంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా వీధిలో పెద్ద చెట్లు వేళ్ళతో సహా పడిపోతే, మొదలంటా విరిగిన కాగితంపూల పొదలు మళ్ళీ చిగురించాయి. మీరు కట్టబోయే స్థలంలోని పాత మొక్కల కొమ్మల్ని పని మొదలుపెట్టే ముందు ఏదైనా నర్సరీకి ఇచ్చి వేరు పట్టిస్తే, బిల్డింగు పూర్తయ్యే రెండేళ్ళకి అవి పూతకొచ్చిన మొక్కలై తిరిగొస్తాయి. కొత్తగా కొనే మొక్కల ఖర్చు ముందు అది ఎక్కువేమీ కాదు. ఇల్లిచ్చిన కుటుంబానికి తమ అమ్మ నాటిన మందారం కొత్త గేటు పక్కన కనిపిస్తే ఎంత సంతోషమో ఒకసారి ఆలోచించండి.

మా పక్కనే ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ వృక్షశాస్త్రం చదివే పిల్లలు సెలవుల్లో వాల్తేరు పాత ఇళ్ళకి వెళ్ళి ఏ ఇంట్లో ఏ మందారం, ఏ మల్లె ఉందో రాసుకుని, ఒక్కొక్క కొమ్మ తెచ్చి ఒక చోట పెంచితే బావుంటుంది. గేటు తెరిచి కాఫీ ఇచ్చి మరీ మొక్కల కథలు చెప్పే పెద్దవాళ్ళు ఈ వీధుల్లో ఇంకా ఉన్నారు. తోడు రావడానికి నేను సిద్ధం.

సంపాదకులకి నా మనవి. మీ నగర పేజీలో ఇల్లు డెవలప్‌మెంటుకి ఇస్తున్నవాళ్ళ కోసం ఈ విషయం నాలుగు వాక్యాల్లో వేయించండి. గేటుకి ఒక అట్టముక్క కట్టి, 'కొమ్మలు కోసుకోవచ్చు' అని, ఏ తేదీ దాకా రావచ్చో, ఎవరిని అడగాలో రాస్తే చాలు. జూన్ మొదటి వారంలోపు వేయగలిగితే ఈ వానాకాలానికే పనికొస్తుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు,
పెద వాల్తేరు, విశాఖపట్నం